పనసబావి నీళ్లు

జీవరత్నమ్మ బాలింత ఉన్న ఇంటికి వెళ్తే ముందు పిల్లను చూడదు, గోడను చూస్తుంది.

మెరకపేటలో ఈ సంగతి అందరికీ తెలుసు. పిల్ల ఎవరి పోలిక, ఎన్ని కేజీలు పుట్టింది, తల్లికి పాలు పడ్డాయా, ఇవన్నీ తరవాత. ముందు బాలింత మంచం పక్క గోడ మీద, కూర్చున్న మనిషి తల ఆనే ఎత్తులో, నూనె మరక ఉందేమోనని చూస్తుంది. అప్పుడు మంచం పట్టె మీద కూర్చుని, "ఎలగ పడుకుంతన్నావమ్మా? వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడతందా?" అని అడుగుతుంది. కొత్తగా కాపురానికొచ్చిన పిల్లలు కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుకుంటారు. పాతవాళ్లు నవ్వరు. వాళ్లకు నిస్సీ గుర్తుంది.

జీవరత్నమ్మ పుట్టిల్లు హరిశ్చంద్రపురం దగ్గర. పదహారో ఏట జక్కయ్యకిచ్చి చేస్తే, జీడితోటల మధ్యనున్న ఈ ముప్పై గడపల ఊరికి వచ్చింది. ఇక్కణ్ణించి సముద్రం కనపడదు గాని, గాలి మళ్లిన రోజున హోరు వినిపిస్తుంది. జక్కయ్య కొబ్బరి చెట్లెక్కే మనిషి. ఆమెది జీడిపిక్కలు కొట్టే పని. చేతులకు ఎంత బూడిద రాసుకున్నా పిక్కలోని సొన ఊరుకోదు, వేళ్లు నల్లబడి తోలు లేచిపోతుంది. మందిరంలో ప్రభువు బల్ల నాడు రొట్టె అందుకోవడానికి ఆ వేళ్లు చాపాలంటే ఆమెకు సిగ్గు. సంఘ కాపరి అయ్యగారి భార్య అది కనిపెట్టి, ప్రతి ఆదివారం గుమ్మంలో నిలబడి, ఆ రెండు చేతుల్నీ తన చేతుల్లోకి తీసుకుని "వందనాలు రత్నమ్మా" అనేది. అందరికీ నమస్కారం పెట్టేది, జీవరత్నమ్మకు మాత్రం చేతులు పట్టుకునేది. ఆ తేడా ఎవరూ గమనించలేదు, జీవరత్నమ్మ తప్ప.

రెండు వేల రెండులో జక్కయ్య పోయాడు. కిడ్నీలు. ఈ ఉద్దానం ఊళ్లలో ఆ మాటకు వివరం అక్కర్లేదు. అక్షరం రాని ముసలమ్మకు కూడా క్రియాటిన్ అంటే తెలుసు, రక్తపరీక్షలో ఆ అంకె ఎంతుంటే మనిషి నిలబడతాడో, ఎంతుంటే విశాఖపట్నం రైలెక్కాలో తెలుసు. జక్కయ్యది పదకొండు దాటాక గాని బయటపడలేదు. అతను పోయిన ఏడాదికి ఊళ్లో వైద్య శిబిరం పెట్టినప్పుడు ఒక డాక్టరు మైకులో చెప్పాడు: ఎండలో పనిచేసేవాళ్లు మంచినీళ్లు బాగా తాగాలి, దాహం వేసేదాకా ఆగకూడదు. జీవరత్నమ్మ వెనక వరసలో కూర్చుని విన్నది. జక్కయ్య పొద్దుట గంజి తాగి చెట్టెక్కితే, మధ్యాహ్నం దిగేదాకా గుక్కెడు నీళ్లు ముట్టేవాడు కాదు. దిగాక తాగేది బోరు నీళ్లు. తను మంచినీళ్లు మోసి తెచ్చి తాగించి ఉంటే మనిషి దక్కేవాడని ఆవేళ ఆమె మనసులో పడిపోయింది. ఇక అది ఎవరు చెప్పినా పోలేదు.

మరుసటేడు కొడుకు నతానియేల్‌కు పెళ్లి చేసింది. అతను కాశీబుగ్గలో జీడిపప్పు బట్టీలో పని చేస్తాడు. పిల్లది కోటబొమ్మాళి, తల్లీ తండ్రీ లేరు. పేరు నిస్సీ. పదో తరగతి చదివింది, సండే స్కూల్లో పిల్లలకు పాఠం చెప్పేది. సన్నగా, చీపురుపుల్లలా ఉండేది గాని నవ్వితే ఇల్లంతా వినపడేది. ఆ పిల్ల గడపలో అడుగుపెట్టిన మర్నాటి నుంచి జీవరత్నమ్మ బోరు దగ్గరికి వెళ్లడం మానేసింది. మైలు దూరంలో జీడితోటల అవతల ఒక నేలబావి ఉంది, గట్టున పనసచెట్టు. ఆ నీళ్లు తాగేవాళ్లకు కిడ్నీలు పోలేదని చుట్టుపక్కల అనుకుంటారు. తెల్లారకముందే ఇత్తడి బిందె చంకనెత్తుకుని వెళ్లి, పొద్దెక్కకముందే తెచ్చేది. తనకు బోరు నీళ్లే. పనసబావి బిందె కోడలికి, కొడుక్కి.

రెండు వేల అయిదులో నిస్సీ నీళ్లోసుకుంది. ఇక జీవరత్నమ్మకు పట్టపగ్గాల్లేవు. రోజుకు ఎనిమిది చెంబులు లెక్క పెట్టింది. పిల్ల పెరట్లో ఉంటే పెరట్లోకి, పొయ్యి దగ్గరుంటే పొయ్యి దగ్గరకి, చెంబు పట్టుకుని వెనకాలే తిరిగేది.

"ఇప్పుడే తాగాను అత్తమ్మా."

"అది ఆరోది. ఇది ఏడోది. తాగీయమ్మా, నా తల్లివి కదూ."

నిస్సీ చెంబు అందుకుని, కళ్లు మూసుకుని, గుటకలు వేసేది. ఖాళీ చెంబు తిరగేసి చూపించేది, మందు మింగిన చిన్నపిల్లలా.

గుమ్మంలో కూర్చున్న నీలమ్మ ఇదంతా చూసి నవ్వేది. నీలమ్మ సముద్రం ఒడ్డునున్న పల్లెపేట మనిషి. మొగుడు రామూర్తి వేటకెళ్తాడు, ఆమె గంపనెత్తుకుని ఊళ్లమ్మట చేపలమ్ముతుంది. పాతికేళ్లుగా మధ్యాహ్నం పూట జీవరత్నమ్మ గుమ్మంలో గంప దించి, కాళ్లు చాపుకుని, ఊళ్లన్నిటి కబుర్లు చెప్పి వెళ్తుంది. ఒదినా అంటే ఒదినా అనుకుంటారు.

"ఒదినా, నువ్వు కోడల్ని తెచ్చుకున్నావా, కొబ్బరి మొక్కని తెచ్చుకున్నావా?" అంది నీలమ్మ. "మొక్కకైనా రెండు పూటలే పోత్తారు."

"నీకేటి తెల్సు. నీ మొగుడు గుండ్రాయిలాగున్నాడు."

"గుండ్రాయికి నోరుంటాదేటి? మా ఆయనకుంది."

నిస్సీ పడీపడీ నవ్వి, నవ్వు మధ్యలో ఆగి, గోడ పట్టుకుని ఊపిరి తీసుకుంది. ఎనిమిదో నెల. కడుపుతో ఉన్న పిల్ల ఆయాసపడడం వింతేం కాదని ఇద్దరూ అనుకున్నారు.

వింతనిపించింది కాళ్లు పొంగినప్పుడు. పొద్దుటికి చీలమండలు కనపడలేదు. జీవరత్నమ్మ బొటనవేలితో నొక్కింది. గుంట పడి, అలాగే ఉండిపోయింది. అలాంటి గుంట ఆమె జక్కయ్య కాళ్ల మీద చూసింది. వేలు తీసి కొంగున తుడుచుకుంది. ఊరి నర్సమ్మ కడుపుతో ఉన్నవాళ్లకు కాళ్లు పొంగుతాయిలే అంది. ఆ మాట ఆమె చెవికెక్కలేదు. కొడుకు పనికెళ్లకుండా ఆపి, కోడల్ని కాశీబుగ్గ పంపి రక్తపరీక్ష చేయించింది. వాళ్లు తిరిగొచ్చేదాకా పొయ్యి వెలిగించలేదు, మోకాళ్ల మీద నుంచి లేవలేదు.

సాయంత్రం నతానియేల్ వీధి మలుపులోంచే కాగితం ఊపుతూ వచ్చాడు. "అమ్మా! సున్నా పాయింటు ఏడు!"

ఆ అంకె విని వీధి వీధంతా బయటికొచ్చింది. ఆ వీధిలో అలాంటి అంకె విని చాలాకాలమైంది. జీవరత్నమ్మ కోడలి రెండు బుగ్గలూ పట్టుకుని ముద్దు పెట్టుకుంది. ఆ ఆదివారం మందిరంలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. నా భర్తను తీసుకెళ్లిన జబ్బు నా కోడలి దరి చేరకుండా దేవుడు కాపాడాడని చెప్తూ ఏడ్చింది. ఆరాధన అయ్యాక కృతజ్ఞతగా అందరికీ పరమాన్నం వడ్డించింది. అయ్యగారు ప్రార్థన చేశారు. నిస్సీ అందరితో పాటు మోకరించలేక, గోడకు జారబడి కూర్చుని, పొంగిన కాళ్లు చీర కింద దాచుకుంది.

కిడ్నీ కాదని తేలింది. మరి ఆ వాపేమిటని ఎవరూ అడగలేదు. అడగాలన్న ఊహే ఎవరికీ రాలేదు. ఆ ఊళ్లలో మనిషికి భయపడాల్సిన జబ్బు ఒక్కటే. అది కాదంటే ఇక ఏమీ కాదనే.

శ్రావణ మాసంలో, జోరువానలో, పలాస ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. కాన్పు తేలిగ్గానే అయింది. పిల్లకు ఇవాంజెలిన్ అని పేరు పెట్టారు. ఇంటికి తీసుకొచ్చేసరికి జీవరత్నమ్మ గదికి సున్నం వేయించి, నులక మంచం బిగించి, పనసబావి నీళ్లు కాచి చల్లార్చి ఉంచింది.

పక్కింటి తవిటమ్మ, ఊళ్లో అందరికంటే పెద్దది, కర్ర పోటేసుకుంటూ వచ్చి ఆ చెంబులు చూసింది.

"పచ్చి బాలింతకి అన్నేసి నీల్లేటే రత్నం? మా కాలంలో నాలిక తడిపేవోల్లు, అంతే. ఒల్లు నీరు పడతాది."

"నీ కాలంలో కిడ్నీలు లేవు పెద్దమ్మా."

"కిడ్నీలు లేపోతే మేమెలగ బతికేమే?" అంది తవిటమ్మ, నిజంగానే అనుమానం వచ్చి. అందరూ నవ్వారు. నిస్సీ కూడా నవ్వబోయి దగ్గింది. ఆ దగ్గు అప్పటినుంచి వదల్లేదు.

పురుడు వెళ్లి పది రోజులకు జీవరత్నమ్మకు గోడ మీద మరక కనపడింది. కొత్త సున్నం మీద, మంచం తలవైపు, గుండ్రంగా, అరచేయంత. తలకు రాసుకున్న ఆముదం.

"ఏటమ్మా, మొన్ననే కదా సున్నం ఏయించాను. గోడకి కూడా తలంటుతన్నావేటి?"

"పాపకి పాలిస్తూ అలాగే కునుకు పట్టేస్తోంది అత్తమ్మా. ఇంకోసారి గుడ్డ అడ్డం పెట్టుకుంటానులెండి."

మర్నాడు నిజంగానే గోడకు పాత తువ్వాలు కట్టుకుంది. మరక కనపడకుండా పోయింది. తెల్లారి బిందెతో బయల్దేరినప్పుడు జీవరత్నమ్మ చూసేది, పిల్ల పక్కన పడుకుని ఉంటే, తల్లి ఆ తువ్వాలుకు తల ఆనించి, నోరు తెరిచి, కూర్చుని నిద్రపోతూ ఉండేది. ఎంత ఓపిక ఈ తల్లికి, పిల్లకోసం ఒరగను కూడా ఒరగదు, అనుకుంటూ వెళ్లేది. కాళ్ల వాపు మోకాళ్లు దాటింది. జీవరత్నమ్మ నిద్రలో కూడా జక్కయ్య కాళ్లే కనపడేవి. మళ్లీ పరీక్ష చేయిస్తే మళ్లీ మంచి అంకే వచ్చింది. దాన్ని అలాగే నిలబెట్టాలని ఎనిమిది చెంబులు పది చేసింది.

ఇరవై ఏడో రోజున, స్నానానికి లేచిన నిస్సీ రెండడుగులు వేసి గుమ్మంలో కూలబడింది. పెదాలు నేరేడుపండు రంగు. మాట్లాడబోతే మాటకు ముందు నురగ వచ్చింది. అప్పుడే గంప దించుతున్న నీలమ్మ చేపలు అక్కడే వదిలేసి, రోడ్డు మీదికి పరిగెత్తి, పోతున్న ఆటోకు అడ్డం నిలబడి ఆపింది. టెక్కలి దాకా చంటిపిల్లను తన ఒళ్లోనే పెట్టుకుంది. గంపెడు చేపలు ఆ మధ్యాహ్నం కాకులపాలయ్యాయి. ఆ మాట ఆమె తరవాత ఎప్పుడూ ఎత్తలేదు.

టెక్కలిలో ఒక డాక్టరమ్మ, నడివయసు మనిషి, ముందు నిస్సీకి గాలి గొట్టం పెట్టించింది, సూది వేయించింది. కాస్త తేరుకున్నాక వీపు మీద స్టెతస్కోపు ఆనించి చాలాసేపు విన్నది.

"కిడ్నీలు బాగున్నాయమ్మా, రెండుసార్లు చూపించాం," అంది జీవరత్నమ్మ, ఎవరూ అడక్కుండానే.

"కిడ్నీ కాదమ్మా. గుండె." డాక్టరమ్మ నిస్సీ వైపు తిరిగింది. "పడుకుంటే ఊపిరి ఆడుతోందా?"

నిస్సీ తల అడ్డంగా ఊపింది.

"ఎన్నాళ్లనుంచి కూర్చుని నిద్రపోతున్నావు?"

"ఎనిమిదో నెల నుంచండి."

"ఇంట్లో ఒక్కరికైనా చెప్పాలి కదమ్మా?"

"కిడ్నీలు బాగున్నాయన్నారు కదండీ," అంది నిస్సీ. "అందరూ అంత సంతోషంగా ఉంటే ఇంకేం చెప్తాను."

డాక్టరమ్మ చీటీ మీద ఏదో రాసుకుంటూ, "రోజుకి నీళ్లెంత తాగుతున్నావు?" అని అడిగింది.

నిస్సీ ఒక్క క్షణం అత్త మొహం చూసింది. "దాహమేస్తేనేనండి. కొంచెం."

జీవరత్నమ్మ లేచి నిలబడింది. నల్లబడిన వేళ్లు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

"అబద్దమమ్మా. పది సెంబులు. నానే తాగించాను. వద్దన్నా తాగించాను."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. ఆమె మంచి మనిషి. కాన్పు వేళ కొందరి గుండె కండరం నీరసపడిపోతుందనీ, నెత్తురు తోడలేక నీరు ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతుందనీ, ఎందుకలా అవుతుందో పెద్ద డాక్టర్లకే సరిగ్గా తెలీదనీ నెమ్మదిగా చెప్పింది. "జబ్బు నీళ్లవల్ల రాలేదమ్మా. అది మాత్రం మనసులో పెట్టుకోకండి. కాకపోతే ఈ గుండె అన్ని నీళ్లు మోయలేదు. ఇకనుంచి రోజుకి లీటరు దాటకూడదు."

జీవరత్నమ్మకు మొదటి మాట వినపడలేదు. రెండోదే వినపడింది.

విశాఖపట్నంలో గుండె స్కానింగు తీశారు. గుండె పని చేయాల్సినదానిలో మూడోవంతు కూడా చేయడం లేదన్నారు. మందులు రాశారు. కొందరు కోలుకుంటారు, కొందరు కోలుకోరు, ఆర్నెల్లు చూడాలి అన్నారు. ఇంకో కాన్పు మాట తలపెట్టొద్దన్నారు. పిల్లకు పాలివ్వొద్దన్నారు. ఆ ఒక్క మాటకే నిస్సీ కళ్లనీళ్లు పెట్టుకుంది. పదహారు రోజులకు ఇంటికి వచ్చారు.

వాళ్లు వచ్చిన మధ్యాహ్నమే నీలమ్మ తన కూతురు రాణిని వెంటబెట్టుకొచ్చింది. రాణికి నాలుగు నెలల కొడుకు. ఏమీ అడక్కుండా, ఏమీ చెప్పకుండా, రాణి నేలమీద కూర్చుని ఇవాంజెలిన్‌ను ఒళ్లోకి తీసుకుని పాలిచ్చింది. పిల్ల ఆబగా తాగుతుంటే నిస్సీ మంచం మీంచి చెయ్యి చాపి రాణి మోకాలి మీద పెట్టింది.

"ఒలమ్మ, దీని పట్టు సూడండి!" అంది రాణి. "మావోడు దీని ముందు ఎందుకూ పనికిరాడు."

అప్పటినుంచి రోజూ రెండు పూటలా, పల్లెపేట నుంచి ఇసకలో నడిచి వచ్చేది. మిగతా వేళలకు డబ్బాపాలు. వాళ్ల పేటలో ఎవరో, ఆ ఇంటి పిల్లకి పాలేటి అని ఒక మాట అన్నారట. నీలమ్మ వాళ్ల గుమ్మం ముందు నిలబడి నాలుగు మాటలు అనేసి వచ్చిందట. ఇది రాణి చెప్తే తెలిసింది. నీలమ్మ చెప్పలేదు.

కాని నీలమ్మ మటుకు, ఎంత ఎండలో నడిచొచ్చినా, జీవరత్నమ్మ ఇంట్లో నీళ్లు తాగేది కాదు. పాతికేళ్లలో ఎప్పుడూ తాగలేదు. మొదట్లో జీవరత్నమ్మ ఇవ్వబోతే "దాహం లేదొదినా" అనేది. తరవాత ఈమె అడగడం మానేసింది, ఆమె అనడం మానేసింది. ఎందుకో ఇద్దరికీ తెలుసు. పాలివ్వడానికి అడ్డురానిది నీళ్లు పుచ్చుకోడానికి ఇంకా అడ్డొచ్చేది. మనుషుల్లో ఇలాంటివి ఉంటాయి. స్నేహం వాటి పక్కనుంచి దారి చేసుకుని పోతుంది.

ఇంట్లో ఇప్పుడు ఒక స్టీలు గ్లాసు. రోజుకు నాలుగు. మందు వేసుకునే నీళ్లు కూడా అందులోనే. పొద్దుటే నాలుగు గ్లాసులు కొలిచి చిన్న కూజాలో పోసి, కూజా తన దగ్గరే పెట్టుకునేది జీవరత్నమ్మ. మందులకు నిస్సీ నోరు పిడచగట్టుకుపోయేది.

"అత్తమ్మా, అప్పుడు పారిపోతే పట్టుకుని తాగించారు. ఇప్పుడు అడిగితే ఇవ్వట్లేదు," అని నవ్వేది.

ఆ పిల్ల హాస్యానికే అన్నది. జీవరత్నమ్మ పెరట్లోకి వెళ్లి, పొయ్యిలో కట్టెలు సర్దుతున్నట్టు కాసేపు కూర్చుని వచ్చేది.

నీలమ్మ ఒకరోజు ఎండు ఉసిరికాయ ముక్కలు పొట్లం కట్టి తెచ్చింది. "ఏటకెల్లినోల్లు ఇది బుగ్గన పెట్టుకుంటారు పాపా. సుట్టూరా నీల్లే, తాగడానికి సుక్కుండదు. ఇది పెట్టుకుంటే నోరు ఊరతాది, దాహం మోసపోతాది." నిస్సీ బుగ్గన పెట్టుకుని, పులుపుకు కన్ను మూసి, "బాగుంది పిన్నీ" అంది. ఆమె నీలమ్మను పిన్నీ అనడం అదే మొదలు.

ఆశ్వయుజం వెళ్లేసరికి కాళ్ల వాపు తీసింది. కార్తీకంలో తువ్వాలు విప్పేసి, రెండు దిళ్ల మీద పడుకోగలిగింది. మందిరంలో కోతపండుగ వచ్చింది. నతానియేల్ చెయ్యి పట్టుకుని, దారిలో మూడుచోట్ల ఆగి, నడిచి వెళ్లింది. సండే స్కూలు పిల్లలు చుట్టూ మూగారు. అయ్యగారి భార్య కుర్చీ తెప్పించి ముందు వరసలో వేయించింది. ఆవేళ జీవరత్నమ్మను సాక్ష్యం చెప్పమన్నారు. ఆమె తల అడ్డంగా ఊపి కూర్చుండిపోయింది. పరమాన్నం పెట్టిన ఆదివారం గుర్తొచ్చింది. దేవుడికి మళ్లీ తొందరపడి కృతజ్ఞత చెప్పడానికి భయమేసింది.

డిసెంబరు మొదటివారంలో చలిగాలులు పడ్డాయి. నిస్సీకి జలుబు చేసి, దగ్గు తిరగబెట్టింది. ఒకనాటి ఉదయం మళ్లీ గోడకు ఆనుకుని కూర్చుంది. ఈసారి జీవరత్నమ్మ చూసింది, చూసిన వెంటనే కొడుకును జీపు మాట్లాడమని కాశీబుగ్గ పంపింది. జీపు మధ్యాహ్నం మూడింటికి గాని దొరకదని అతను కబురు పంపాడు. రాణి పిల్లను తీసుకుని తమ ఇంటికి వెళ్లింది.

రెండు దాటింది. కూజా ఖాళీ. ఆరోజు మందులు ఎక్కువై నాలుగు గ్లాసులూ అప్పటికే అయిపోయాయి.

"అత్తమ్మా, ఒక్క గుక్క."

జీవరత్నమ్మ బిందె వైపు చూసింది. అందులో ఆ పొద్దున తెచ్చిన పనసబావి నీళ్లు నిండుగా ఉన్నాయి. డాక్టరమ్మ మాట గుర్తొచ్చింది. పది చెంబులు గుర్తొచ్చాయి.

"నాలుగూ అయిపోయినాయి తల్లీ. ఆసుపత్రికెల్లాక అడిగి ఇత్తాను. ఇంకొంచెంసేపు ఓపిక పట్టు."

"సరేలెండి," అంది నిస్సీ. బుగ్గన ఉన్న ఉసిరిముక్కను నాలుకతో అటుమార్చి ఇటుమార్చింది. "రేపటి దాంట్లో కలుపుకుందాం."

నతానియేల్ జీపుతో వచ్చేసరికి నిస్సీ అలాగే కూర్చుని ఉంది, తల గోడకు ఆనించి. జీవరత్నమ్మ పక్కనే కూర్చుని పాదాలు ఒత్తుతూ ఉంది. ఊపిరి ఎప్పుడు ఆగిందో ఆమెకు తెలియలేదు. నిద్రపట్టిందనుకుంది. కూర్చుని నిద్రపోవడం ఆ పిల్లకు అలవాటే కదా.

సమాధి మెరకపేట జీడితోటలోనే, జక్కయ్య పక్కన. ఆదరణ కూడికలో అయ్యగారు వాక్యం చెప్పి, ఇది దేవుని చిత్తమమ్మా అన్నారు. జీవరత్నమ్మ తలెత్తింది.

"ఆయన మీద పెట్టకండి అయ్యగారూ. తాగించకూడనప్పుడు తాగించాను. అడిగినప్పుడు గుక్కెడు ఇవ్వలేదు. రెండూ నా చేతులే."

అయ్యగారి భార్య వచ్చి పక్కన కూర్చుని ఆ చేతులు పట్టుకుంది.

ఆ రోజు నుంచి జీవరత్నమ్మ ఇత్తడి బిందెను పెరట్లో బోర్లించింది. నీళ్లు కొడుకు తెచ్చేవాడు. ఇంటికెవరైనా వస్తే, "నతానీ, ఆలకి నీల్లియ్యి" అని కేకేసేది గాని తన చేత్తో చెంబు ముట్టేది కాదు. కొడుకు పనికి వెళ్లిన వేళ వచ్చినవాళ్లు దాహంతోనే వెళ్లేవాళ్లు. పిల్లకు డబ్బాపాలు కలపడం కూడా రాణి చేతనో, తవిటమ్మ చేతనో చేయించేది. పిల్లను ఎత్తుకునేది, ఊపేది, నోటికి మాత్రం ఏమీ అందించేది కాదు.

క్రిస్మస్‌కు అందరి ఇళ్లకూ సున్నం వేస్తున్నారు. నతానియేల్ కూడా కుంచె పట్టుకున్నాడు, ఇంట్లో పిల్ల ఉంది కాబట్టి. గదిలో మూడు గోడలూ వేసి నాలుగోదాని దగ్గర ఆగాడు.

"అమ్మా, ఈ ముక్క?"

"ఉండనియ్యి."

అతను మరక చుట్టూ సున్నం వేసి, ఆ అరచేయంత చోటు వదిలేశాడు.

మాఘమాసంలో ఒక మిట్టమధ్యాహ్నం నీలమ్మ వచ్చి గంప దించింది. కాళ్లు చాపుకుంది. కబుర్లు చెప్పలేదు. మొహం కొంగుతో తుడుచుకుని, కాసేపు పిల్ల వైపు చూసి, పెరట్లో బోర్లించిన బిందె వైపు చూసింది.

"ఒదినా, దాహమేత్తంది."

జీవరత్నమ్మ సరిగా వినలేదనుకుంది.

"దాహమేత్తందంటే సూత్తావేటి? ఓ సెంబుడు నీల్లియ్యి."

"నతానీ లేడు."

"నతానీని నానడిగేనా?"

"నీలమ్మా..." జీవరత్నమ్మ చేతులు కొంగులో దాచుకుంది. "నా సేతి నీల్లు వద్దు. నువ్వెప్పుడూ తాగలేదు."

"తాగలేదు," అంది నీలమ్మ. "పాతికేల్లు నీ గుమ్మంలో కూకుని, గొంతెండిపోతన్నా తాగలేదు. నాది బుద్ధి తక్కువ. ఆ పిల్ల నన్ను పిన్నీ అంది. పిన్నినై ఉండి నాను ఆ ఇంట్లో సుక్క ముట్టలేదు. అది సూసుంటాది. సూసి కూడా ఏటీ అన్లేదు." కొంగు నోట్లో కుక్కుకుని, తీసి, మళ్లీ విసురుగా అంది: "బేగి తే. ఎండలో నడిసొచ్చేను. సచ్చిపోతే నీ మీదికే వత్తాది."

జీవరత్నమ్మ లేచింది. వంటింట్లో నతానియేల్ తెచ్చి పెట్టిన కుండ ఉంది. ఆ మూత తీసి రెండు నెలలైంది. చెంబు ముంచింది. సగం నేలపాలయింది. మళ్లీ ముంచింది. తెచ్చి ఇస్తుంటే నల్లటి వేళ్లు చెంబును వదల్లేకపోయాయి. నీలమ్మ ఆ వేళ్లతో సహా పట్టుకుని చెంబు పైకెత్తి, ఆగకుండా, గొంతులో నుంచి నీళ్లు దిగుతున్న చప్పుడు వినపడేలా, మొత్తం తాగింది. మెడమీదుగా కారిన నీళ్లు తుడుచుకోలేదు.

"ఇవి పనసబావి నీల్లేనా?"

"కాదు. బోరువి."

"అందుకే సప్పగున్నాయి," అంది నీలమ్మ. "రేపు అవి తే. రేపూ ఇటేపే వత్తాను."

ఆమె వెళ్లిపోయాక జీవరత్నమ్మ చాలాసేపు గుమ్మంలోనే నిలబడింది. లోపల పిల్ల ఏడ్చింది, రాణి రావడానికి ఇంకా గంట ఉంది. జీవరత్నమ్మ తనే పాలడబ్బా మూత తీసింది.

మర్నాడు తెల్లారకముందే పెరట్లో బిందె తిరగేసి, చింతపండుతో తోమి, చంకనెత్తుకుంది. బయల్దేరేముందు, ఎప్పటిలాగే, గదిలోకి తొంగిచూసింది. ఇవాంజెలిన్ వెల్లకిలా పడుకుని, చేతులు రెండూ పక్కలకు పారేసి, హాయిగా ఊపిరి తీస్తోంది. జీవరత్నమ్మ ఆ ఊపిరిని కాసేపు విని, తలుపు దగ్గరగా వేసి, పనసబావి దారి పట్టింది.